మామ్మగారి పికప్పు, మూడు కార్బొరేటర్లు

ఆడవాళ్ళ పత్రికలో కార్బొరేటర్ గురించేమిటి అని పేజీ తిప్పెయ్యకండి. మా చెల్లెలు కూడా ఫోన్లో విని ముందు నవ్వింది. "అమెరికా వెళ్ళావు కదా, నయాగరా చూశావా అంటే, కార్బొరేటర్ విప్పానంటావేమిటే అక్కా!" అంది. కథంతా విన్నాక మాత్రం, "ఇది రాసి పంపవే" అని అదే వెంటపడింది.

2023 ఆగస్టులో మా అమ్మాయి పురిటికని మిషిగన్ వెళ్ళాను. మా అల్లుడు అక్కడ కార్ల కంపెనీలో ఇంజినీరు. డెట్రాయిట్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు చాలామంది ఈ కార్ల ఉద్యోగాల్లోనే ఉన్నారు. పసిపిల్లకి నీళ్ళు పోసి, సాంబ్రాణి వేసి (పొగ అలారం మోగకుండా వెయ్యడం ఒక విద్య, అది ఇంకోసారి రాస్తాను), నిద్రపుచ్చాక పగలంతా నాకు తోచేది కాదు. అలా వరండాలో కూర్చుంటూ ఉంటే పక్కింటావిడతో పరిచయమైంది. ఎనభై నాలుగేళ్ళు. నేను ఆవిణ్ణి మామ్మగారనే పిలిచేదాన్ని. ఆ పిలుపుకి అర్థం చెబితే ఆవిడ చాలా మురిసిపోయింది. నా ఇంటర్మీడియట్ ఇంగ్లీషూ, ఆవిడ ఓపికా కలిసి మా ఇద్దరికీ మాటలు బాగానే సాగేవి. మరీ అడ్డం తిరిగితే మా అమ్మాయి కిటికీలోంచి అందించేది.

ఓ రోజు మామ్మగారు కళ్ళు తుడుచుకుంటూ కనిపించింది. భర్త పోయి రెండేళ్ళయిందట. ఆయన వదిలి వెళ్ళిన పాత పికప్పు లారీ ఒకటి గరాజులో ఉంది. కొంటానని ఒకతను వచ్చాడు. బానెట్ ఎత్తి చూసి, "కార్బొరేటర్ ఈ బండిది కాదు, పైగా ఇంజను వేడెక్కే రకం. సగం ధరకైతే తీసుకెళతా" అన్నాడట. "వేడెక్కే మాట నిజమే, అది నావల్లే" అంది మామ్మగారు.

నాకర్థం కాలేదు. నీవల్లేమిటి మామ్మగారూ అని అడిగాను.

ఆయన ఆ బండిని 1962లో పాతదే కొన్నారు. వాళ్ళ అక్కగారి తోటనించి ఆపిల్ పళ్ళు సంతకి తోలడం ఈవిడ పని. ఊళ్ళో నెమ్మదిగా తిప్పితే బాగానే ఉండేదట. బరువేసుకుని పెద్ద రోడ్డెక్కితే చాలు, లాగలేక ముక్కుతూ, నీళ్ళు మరిగి ఆవిరి కక్కేది. ఆయన ఒకటే మాట, "నీ కాలు బరువు. నీకు నడపడం రాదు." 1968లో ఆపిల్ కోతల రోజుల్లో నడిరోడ్డు మీద అలా ఆగిపోతే, అందరి ముందూ ఆ మాటే అన్నారట. ఆ రోజు తాళాలు ఆయన చేతిలో పెట్టింది. మళ్ళీ ఆ సీట్లో కూర్చోలేదు. యాభై అయిదేళ్ళు!

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్లో కార్బొరేటర్ మేస్త్రీ. అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు వరసకట్టి నిలబడేవి మా షెడ్డు ముందు. నేను క్యారేజీ పట్టుకెళ్ళి, ఆయన తినేలోపు జెట్లు కడిగి గుడ్డ మీద వరసగా పేర్చేదాన్ని. ఆడపిల్లని షెడ్డులో కూర్చోబెట్టావేమిటని ఎవరైనా అంటే, "దాని చేతికి సన్న పని వస్తుంది" అనేవారు. పెళ్ళయ్యాక ఆ చెయ్యి జంతికలకీ, మినపసున్నికీ వచ్చేసింది. అయినా ఆ పెట్రోలు వాసన ముక్కులోంచి పోదు కదా.

"నేను ఒకసారి చూడొచ్చా మామ్మగారూ?" అన్నాను.

బండి 1951 ఫోర్డు ఎఫ్-1. ఫోర్డువాళ్ళు 1948లో ఎఫ్ పేరుతో లారీలు మొదలుపెట్టారు, వాటిలో చిన్నది ఇది. ముదురాకుపచ్చ రంగు, గుండ్రటి మొహం, చూస్తే మన పాత సినిమాల్లో షావుకారు బండిలా ముద్దుగా ఉంది. ఇంజను మీద ఒక కార్బొరేటర్ బిగించి ఉంది. మామ్మగారు అటక మీంచి రేకు కాఫీ డబ్బా ఒకటి దింపింది. దాని మీద ఆయన చేత్తో 'పనికిరానివి' అని రాసి ఉంది. లోపల ఇంకో రెండు కార్బొరేటర్లు, జిడ్డు పట్టి, నల్లగా. మొత్తం మూడు. వీటిలో బండితో పుట్టింది ఏది?

కార్బొరేటర్ అంటే తెలియని చెల్లెళ్ళకి ఒక మాట. మన చిన్నప్పుడు దోమల మందు కొట్టే ఫ్లిట్టు పంపు ఉండేది గుర్తుందా? గొట్టం మూతి మీదుగా గాలి జోరుగా పోతే డబ్బాలోని మందు దానంతట అదే పైకి లేచి తుంపరవుతుంది. కార్బొరేటర్ చేసేదీ అదే. ఇంజను గాలి పీలుస్తుంది, ఆ గాలి సన్నటి గొంతులోంచి పోయేటప్పుడు పెట్రోల్ని లాక్కుపోతుంది. గొంతు ఎంత సన్నం, జెట్టు బెజ్జం ఎంత అన్నదాని మీద పాళ్ళు ఆధారపడతాయి. ఉప్పూ కారం లాగే, ఎక్కువైనా బాధే, తక్కువైనా బాధే. అన్నట్టు అక్కడ పెట్రోల్ని గ్యాస్ అంటారు. మొదటి రోజు 'గ్యాస్ అయిపోయింది' అంటే నేను వంటింట్లోకి పరిగెత్తాను.

సాయంత్రం అల్లుడు వచ్చాక ఇద్దరం చూశాం. అతను చక్కగా పద్ధతి ప్రకారం మొదలుపెట్టాడు. "అత్తయ్యా, ముందు బండి ఏదో తేల్చుకుందాం, తర్వాత ఇంజను, ఆఖర్న కార్బొరేటర్" అన్నాడు. చాలామంది చేసే తప్పు దీనికి తలకిందులుగా చెయ్యడమే. ఇంజను మీద ఏముంటే అదే అసలుదనుకుంటారు. డెబ్భై ఏళ్ళ బండి ఎన్ని చేతులు మారి ఉంటుంది!

డ్యాష్‌బోర్డు చిన్న అర తలుపు మీద రేకు పలక ఉంది. దాని మీద నంబరు ఎఫ్1ఆర్1 అని మొదలవుతుంది. మొదటి రెండూ బండి రకం, ఆర్ అంటే ఎనిమిది సిలిండర్ల వీ-8 ఇంజను, చివరి 1 అంటే 1951. అదే ఆరు సిలిండర్ల ఇంజనయితే అక్కడ హెచ్ ఉండేది. ఇది చిన్న సంగతి కాదు. ఆరు సిలిండర్ల దానికి ఒకే గొంతున్న కార్బొరేటర్, వీ-8కి రెండు గొంతులది. అంటే ఒక్క అక్షరంతో సగం వెతుకులాట తగ్గిపోయింది. మా డబ్బాలోవి రెండూ, బండి మీదదీ, అన్నీ రెండు గొంతులవే.

తర్వాత ఇంజను మధ్యలో మారిందేమో చూశాం. 1948కి ముందు ఫోర్డు వీ-8లలో డిస్ట్రిబ్యూటరు ఇంజను ముక్కుకి అతుక్కుని ఉండేది. తర్వాతి వాటిలో ముందువైపు కుడి పక్కన నిటారుగా నిలబడి ఉంటుంది. దీనిది నిలబడే ఉంది. ఇంజను ఆ కాలానిదే.

ఇక కార్బొరేటర్లు. బండి మీద ఉన్నదాని పక్కన ఉబ్బెత్తుగా '97' అని అంకె. అల్లుడి మొహం వెలిగిపోయింది. అది స్ట్రామ్‌బర్గ్ 97 అట. 1936 నుంచి 38 దాకా ఫోర్డు వీ-8 కార్లకి వచ్చింది. యుద్ధం అయ్యాక కుర్రాళ్ళు పాత కార్లని పరుగు పందేల కోసం మార్చేటప్పుడు దీన్ని తెగ వాడారు, ఒక్కో ఇంజనుకి రెండేసి, మూడేసి. ఇప్పటికీ దాన్ని కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. 97 అంటే గొంతు సన్నదనం, 0.97 అంగుళం. డబ్బాలో మొదటిదాన్ని తుడిస్తే '94' అని కనిపించింది. దాని గొంతు 0.94 అంగుళం. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. 1938 నుంచి ఫోర్డు 97ని వదిలి ఈ 94 రకానికి మారింది. మొదట చాండ్లర్-గ్రోవ్స్ అనే కంపెనీ చేసింది, తర్వాత హోలీ.

మూడోదాని మీద అంకె కనబడనే లేదు. చూపులకి 94కి అక్కచెల్లెల్లా ఉంది.

మోసం ఎక్కడుందంటే, మూడింటికీ అడుగున మూడే బోల్టులు, ఒకే కొలత. ఏది తెచ్చి పెట్టినా చక్కగా కూర్చుంటుంది. ఇంజను స్టార్టు కూడా అవుతుంది. ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ లాగే అనుకోండి. పక్క కంపెనీది పెడితే మూత పడుతుంది, విజిల్ మాత్రం రాదు. మా నాన్నగారు అనేవారు, "కూర్చున్నంత మాత్రాన మనది కాదమ్మా, దానికి రావలసిన పైపులన్నీ వచ్చాయా చూడు" అని. ఆ మాట గుర్తొచ్చి నేను అంకెలు వదిలేసి పైపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పెట్రోలు పైపు ఉంది. చోకు తీగ ఉంది. యాక్సిలరేటర్ కడ్డీ ఉంది.

డిస్ట్రిబ్యూటరు నుంచి ఒక సన్నటి లోహపు పైపు కార్బొరేటర్ వైపు వచ్చి, దగ్గరికొచ్చాక వెనక్కి వంగి ఉంది. దాని మూతి సుత్తితో కొట్టి మూసేశారు!

"ఇది ఎక్కడికి పోవాలి బాబూ?" అన్నాను. 97 చుట్టూ వేలితో తడిమాను. పైపు తగిలించడానికి చోటే లేదు. డబ్బాలోని 94కీ లేదు. మూడోదాన్ని తిరగేసి అడుగు భాగంలో జిడ్డు గీకితే మరతో ఉన్న బెజ్జం బయటపడింది. పైపు నట్టు దాంట్లో కరెక్టుగా తిరిగింది.

అల్లుడు పాత షాపు మాన్యువల్ తెప్పించి చదివాక అసలు సంగతి తెలిసింది. పెట్రోలు అంటుకుని మంట అంతా పాకడానికి కొంచెం టైము పడుతుంది. అందుకని ఇంజను స్పీడు పెరిగేకొద్దీ స్పార్కు ఇంకా ముందుగా రావాలి. చుట్టాలు పీట మీద కూర్చున్నాక పొయ్యి వెలిగిస్తే ఏమవుతుంది? అదే ఇక్కడా. మన అంబాసిడర్ డిస్ట్రిబ్యూటర్లో చిన్న బరువులుండేవి, తిరుగుడుకి అవి విచ్చుకుని స్పార్కుని ముందుకి జరిపేవి. ఇంకో పక్క వాక్యూమ్ పైపు కూడా ఉండేది. ఆ పైపు ఊడినా బండి ఏదో నడిచిపోయేది. ఈ ఫోర్డులో బరువులే లేవు! ఈ ఏర్పాటుకి లోడ్-ఓ-మాటిక్ అని పేరు. స్పార్కుని జరిపే పనంతా కార్బొరేటర్ నుంచి వచ్చే పీల్పుదే. ఆ పీల్పు కూడా రెండు చోట్ల నుంచి, గొంతు సన్నగా ఉన్న దగ్గర నుంచీ, కింద థ్రాటిల్ రేకు దగ్గర నుంచీ కలిపి వస్తుంది. ఆ రెండు దారులూ ఈ ఇంజను కోసం చేసిన కార్బొరేటర్లోనే ఉంటాయి. 1949 నుంచి 53 దాకా వీ-8లకి వచ్చిన ఆ రకాన్ని పాత సామాను అమ్మేవాళ్ళు 8బీఏ అంటారు. ఫోర్డు లెక్కలో ఏ కార్బొరేటర్‌కయినా మూల నంబరు 9510, ముందు అక్షరాలు మాత్రం ఏ బండికని మొదట చేశారో చెబుతాయి. పోత మీద ఉన్న అంకె చూసి మాత్రం తొందరపడకూడదు, ఒకే పోతతో వేరువేరు బళ్ళకి చేసేవారు.

అంటే ఏం జరిగిందంటారా? ఆయనెప్పుడో స్పీడు మీద సరదాతో పేరున్న 97 తెచ్చి బిగించారు. పైపుకి చోటు లేకపోతే మూతి మూసేశారు. అప్పట్నుంచి స్పార్కు ఉన్నచోటే ఉండిపోయింది. ఊళ్ళో నెమ్మదిగా పోతే తెలియదు. బరువేసి రోడ్డెక్కితే మంట ఆలస్యం, ఆ వేడంతా బయటికి పోయే పొగలోకి పోతుంది. పైగా ఈ ఇంజనులో పొగ దారులు సిలిండర్ల పక్క నుంచి నీళ్ళ అరల మధ్యగా పోతాయి. నీళ్ళు మరగక ఏం చేస్తాయి?

నేను మామ్మగారి మొహం వంక చూశాను. ఆవిడ నా వంక చూడలేదు. ఆ మూసేసిన పైపు మూతినే వేలితో రాస్తూ నిలబడింది.

ఆ తర్వాత పని రెండు వారాలు పట్టింది. మధ్యలో మా అల్లుడికీ నాకూ చిన్న వాదన. "కొత్త గాస్కెట్లు వచ్చేదాకా ఆ పైపుని మానిఫోల్డుకి కలిపేద్దాం అత్తయ్యా, అక్కడా పీల్పు ఉంది కదా" అన్నాడు. నేను వద్దన్నాను. మాన్యువల్ కూడా వద్దనే అంది. మానిఫోల్డులో పీల్పు బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఎక్కువ, బరువు లాగేటప్పుడు తక్కువ. మనకి కావలసిన దానికి సరిగ్గా ఎదురు. ఇంజినీరైనా ఒప్పుకున్నాడు పాపం, మంచి పిల్లాడు.

డిస్ట్రిబ్యూటరు పొర బాగుందా లేదా చూడ్డానికి మా నాన్నగారి పద్ధతే. పైపు మూతి కోసి, తుడిచి, నోట్లో పెట్టుకుని పీల్చి, నాలుకతో మూసి ఉంచాలి. లోపలి పలక జరిగి అలాగే ఉంటే పొర మంచిది. ఇది జరగలేదు, గాలి కారిపోతోంది. మా అమ్మాయి కిటికీలోంచి "అమ్మా, బాలింతరాలి తల్లివి, అదేం పని!" అని కేకలు. కొత్త పొర తెప్పించి వేశాక మళ్ళీ పీలిస్తే పలక సీతాకోకచిలుక రెక్కలా కదిలింది.

కార్బొరేటర్ విప్పడం, కడగడం ఆరుబయటే చేశాం, చుట్టుపక్కల నిప్పు లేకుండా. జెట్టు బెజ్జంలో పిన్ను పెట్టి పొడవకండి. ఇత్తడి మెత్తన, బెజ్జం పెద్దదయితే పాళ్ళు చెడతాయి. గ్యాసు స్టవ్వు జెట్టుకీ ఇదే వర్తిస్తుంది, మనం అందరం పిన్నీసుతో పొడిచేవాళ్ళమే! ఈ 94 రకంలో అడుగున పవర్ వాల్వ్ అని ఒకటుంటుంది. దాని పొర చిరిగితే పెట్రోలు కారి నల్లపొగ వస్తుంది. ఇప్పటి పెట్రోల్లో ఆల్కహాలు కలుపుతున్నారు కాబట్టి, దాన్ని తట్టుకునే కొత్త సామాను సెట్టు వేశాం. బ్యాటరీ ఆరు వోల్టులది, పైగా పాజిటివ్ తీగ బాడీకి కలపాలి, మన అలవాటుకి తలకిందులు. అల్లుడు మూడుసార్లు చూసుకుని బిగించాడు.

మన ఊళ్ళలో ఇప్పుడు ఈ పని కరువైపోయింది. 2020 ఏప్రిల్లో బీఎస్-6 వచ్చాక కొత్త మోటారుసైకిళ్ళలో కూడా చాలావాటికి కార్బొరేటర్ లేదు. కానీ మామగారి జీపో, తాతగారి స్కూటరో షెడ్డులో ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పాత ఇనుముకి వేసేముందు డబ్బాలు ఒకసారి తీసి చూడండి. మేస్త్రీ విప్పేముందు ఏ పైపు ఎక్కడుందో ఫోనుతో ఫొటో తీసుకోండి. కొనేవాడు 'ఇది దీనిది కాదు' అంటే, మరి దీనిది ఏదో చెప్పమనండి. మామ్మగారి దగ్గరికి వచ్చినతను చెప్పిన దాంట్లో సగం నిజమే. రెండో సగం తెలిసి దాచాడో, నిజంగానే తెలియదో నేను చెప్పలేను.

సెప్టెంబరు ఆఖరి వారంలో బండి స్టార్టయింది. ముందు అల్లుడు వీధి చివరిదాకా తిప్పుకొచ్చాడు. దిగి తాళాలు మామ్మగారికిచ్చాడు. ఆవిడ చాలాసేపు వాటిని అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత నన్ను పక్క సీట్లో ఎక్కమంది. నాకు భయమేసింది, ఎనభై నాలుగేళ్ళావిడ కదా! కానీ గేరు వేసిన తీరు చూస్తే ఆ చెయ్యి ఏదీ మర్చిపోలేదు.

వాళ్ళ అక్కగారి తోట ఇప్పుడు మనవల చేతిలో ఉంది. అక్కడికి వెళ్ళి, వెనకాల పన్నెండు బుట్టల ఆపిల్సు వేసుకుని, 1968లో ఆగిపోయిన అదే రోడ్డు మీద వెనక్కి వచ్చాం. ఆవిడ రోడ్డు కన్నా వేడి చూపించే ముల్లునే ఎక్కువ చూస్తోంది. నేనూ అదే చూస్తున్నాను. ఆ మలుపు దగ్గర బండి స్లో చేసింది. ముల్లు మధ్యలోనే ఉంది. మళ్ళీ స్పీడు పెంచింది. అప్పుడూ మధ్యలోనే ఉంది.

"ఆయనుంటే, ఇవాళ గాలి చల్లగా ఉంది అందుకే అనేవారు" అంది. ఇద్దరం గట్టిగా నవ్వాం. నవ్వుతూనే ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

పుల్లటివి ఏరి నేను ఆపిల్ పచ్చడి పెట్టాను. మామిడికాయ తురుము పచ్చడిలాగే, మెంతిపిండి కొంచెం తగ్గించాలి. మామ్మగారు బ్రెడ్డు మీద రాసుకుని తింది. బండి కొంటానన్నతను మళ్ళీ ఫోన్ చేస్తే, ఆపిల్ కోతలయ్యేదాకా అమ్మనని చెప్పింది.

నేను బయల్దేరే ముందు రోజు గరాజులోకి పిలిచింది. విప్పిన 97ని శుభ్రంగా తుడిచి కాఫీ డబ్బాలో పెట్టింది. దానికి మంచి ధర వస్తుందని అల్లుడు చెప్పాడు, ఆవిడకీ తెలుసు. అయినా డబ్బా మీద ఆయన రాసిన 'పనికిరానివి' అన్న మాట చెరపకుండా, మూత గట్టిగా నొక్కి, అటక మీద పెట్టమని నా చేతికిచ్చింది.